రీలు మీదే ఆగిపోయిన గొంతులు

సినిమా పాట ప్రతి తరానికీ మళ్లీ విడుదలవుతోంది. ఒగ్గుకథ, గోండుల కికిరి, బొగ్గుబావి పాట మాత్రం పాత క్యాసెట్లతోనే రాలిపోతున్నాయి. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఆ క్యాసెట్లను వెతికే పని ఎందుకు ఇంత అవసరమైందంటే...

వేములవాడ పక్కన హనుమాజీపేట. 1931లో ఆ ఊళ్లో పుట్టిన సింగిరెడ్డి నారాయణరెడ్డి, మనందరి సినారె, 1962లో 'గులేబకావళి కథ'తో సినిమా పాటల్లోకి వచ్చారు. ఆయన పాట మొదట రికార్డు మీద వచ్చింది. తర్వాత క్యాసెట్, సీడీ, ఇప్పుడు జేబులో ఫోన్. యంత్రం మారిన ప్రతిసారీ ఆ పాటలు కొత్త యంత్రంలోకి ఎక్కాయి. వాటికోసం ఎవరూ ఊళ్లు పట్టుకు తిరగాల్సిన అవసరం రాలేదు.

అదే ఊరివాడు మిద్దె రాములు. ఒగ్గుకథ చెప్పడంలో ఉత్తర తెలంగాణ అంతటా పేరున్న మనిషి. 1990లో మారిషస్‌లో జరిగిన ప్రపంచ తెలుగు మహాసభల్లో కథ చెప్పి వచ్చారు. 2010లో కన్నుమూశారు. ఆయన కథ వినాలనుకుంటే ఇప్పుడు ఏ దుకాణంలో అడగాలి? ఎవరో ఇంట్లో దాచుకున్న టేపు, ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టిన ముక్క, ఇదే దారి. చప్పుడు శుభ్రం చేసి, వంత పాడినవాళ్ల పేర్లు వేసి, ఏ ఊళ్లో ఏ సందర్భంలో చెప్పిన కథో రాసి, పద్ధతిగా మళ్లీ విడుదల చేసిన సంపుటం ఒక్కటీ ఇంతవరకు నా చేతికి రాలేదు.

ఊరు ఒక్కటే. ఒకరి మాటకు ప్రతి తరంలో కొత్త ముద్రణ దొరుకుతోంది. ఇంకొకరి గొంతు గోధుమరంగు సన్నటి రీలు మీద రోజురోజుకూ పలచబడుతోంది. గొప్పదనంలో తేడా వల్ల ఇలా జరగలేదు. ఒక రికార్డు మళ్లీ వెలువడాలంటే చెడని మూలప్రతి ఉండాలి, హక్కు ఫలానా వాళ్లదని చెప్పగలగాలి, కొనేవాళ్లు లెక్కకు అందాలి. సినారె పాటకు ఈ మూడూ ఉన్నాయి. ఒగ్గుకథకు, గోండుల కథాగానానికి, గోదావరిఖని కార్మికుల పాటకు మూడూ లేవు. మళ్లీ రానంత మాత్రాన అవి తక్కువ పాటలనుకోవడం పొరపాటు. మా ప్రాంతంలో పాత క్యాసెట్లు ఏరుకునే నాలాంటివాళ్లు అందరికంటే ముందు చెప్పాల్సిన మాట ఇదే.

బోల్డెన్ బాకా, తోటీల కికిరి

అమెరికాలో జాజ్ సంగీతం పుట్టిన న్యూ ఆర్లీన్స్‌లో బడ్డీ బోల్డెన్ అనే నల్లజాతి కళాకారుడు ఉండేవాడు. 1877లో పుట్టాడు. కార్నెట్ అనే బాకా ఊదేవాడు. ఆ తరం వాద్యకారులంతా అతన్ని తమకు దారి చూపినవాడని చెప్పుకున్నారు. 1907లో మతి చెదిరి ఆస్పత్రిలో చేరాడు, 1931లో అక్కడే చనిపోయాడు. అతని వాద్యం ఒక మైనపు సిలిండర్ మీద ముద్రించారని ఒక మాట ఉంది. ఆ సిలిండర్ కోసం రికార్డు సేకర్తలు తరాలుగా వెతుకుతున్నారు. ఇంతవరకు దొరకలేదు. మొట్టమొదటి జాజ్ రికార్డు 1917లో వచ్చింది, అదీ తెల్లవాళ్ల బృందానిది. ఆ సంగీతాన్ని పుట్టించినవాడి ఊపిరి మాత్రం ప్రపంచానికి వినపడదు.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు ఆదిలాబాద్ అడవి గుర్తొస్తుంది. రాజ్‌గోండుల వంశకథలు పాడేవాళ్లు ప్రధానులు, తోటీలు. వాళ్ల చేతిలో ఉండే మూడు తీగల వాద్యం కికిరి. దాన్ని కమానుతో వాయిస్తారు. పక్కన పెప్రె, డోలు, కాలికోం వాద్యాలు. గోండుల దేవుడు పెర్సపేన్ పూజలో వాళ్లు పాడితేనే దేవుడి కథ కదులుతుంది. ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940ల్లో మార్లవాయిలో ఉండి ఈ కథలను విన్నాడు, రాసుకున్నాడు. 1948లో వచ్చిన ఆయన పుస్తకం 'ద రాజ్ గోండ్స్ ఆఫ్ ఆదిలాబాద్'లో ఆ పురాణాలు ఇంగ్లీషులో కనిపిస్తాయి. ఆయన తీసిన ఫొటోలు, ఫిలిం లండన్‌లోని సోయస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. కథ పుస్తకంలోకి ఎక్కింది. కథకుడు ఎక్కడ ఆగి కికిరి మీద కమాను లాగాడో, ఏ పేరు దగ్గర గొంతు పైకెత్తాడో, విన్నవాళ్లు ఎక్కడ అందుకున్నారో పుస్తకం చెప్పలేదు.

తెలుగు జానపదానిదీ ఇదే గతి. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జానపద గేయాల మీద పరిశోధన చేసి, 1958లో 'తెలుగు జానపద గేయ సాహిత్యము' ప్రచురించారు. ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాలి. సాహిత్యం దక్కింది. బాణీ, గొంతు పాడినవాళ్లతోనే పోయాయి. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఇప్పుడు ఆ అక్షరాలు ప్రపంచంలో ఏ కంప్యూటర్ మీదైనా రాసుకోవచ్చు. అక్షరానికి దొరికిన ఆ చోటు స్వరానికి ఇంకా దొరకలేదు.

మూడు నిమిషాల కొలత

ఇక్కడి గొంతులు మొదటి నుంచీ రికార్డుకు ఎందుకు ఎక్కలేదో తెలియాలంటే పాత రికార్డు తయారీ తెలియాలి. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుకు ప్రాణం లక్క. మోదుగ, రేగు, పుసుగు లాంటి చెట్ల కొమ్మల మీద బతికే చిన్న పురుగు స్రవించే లక్కను శుద్ధి చేసి, రాతిపొడి కలిపి, వేడిమీద అచ్చు వేసేవాళ్లు. ప్రపంచానికి ఆ లక్కలో ఎక్కువ భాగం మన దేశం నుంచే వెళ్లేది. రెండో ప్రపంచయుద్ధం నడుస్తుండగా 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకు లక్క వాడకం మీద ఆంక్షలు పెట్టింది. అదే ఏడాది ఆగస్టులో అక్కడి వాద్యకారుల సంఘం రికార్డింగుల బహిష్కరణకు దిగింది. బీబాప్ అనే కొత్త జాజ్ పురుడు పోసుకుంటున్న రోజులవి. ఆ తొలి రాత్రుల వాద్యం చాలావరకు ఎక్కడా ముద్ర పడలేదు. ఫాల్గుణం వస్తే ఆదిలాబాద్ అడవి మోదుగ పూలతో ఎర్రబడుతుంది. లక్క పురుగుకు ఇల్లయ్యే చెట్టు ఇంత విరివిగా ఉన్న నేల పాట మాత్రం లక్క పలక మీదికి దాదాపు చేరలేదు.

కారణాల్లో మొదటిది కొలత. పది అంగుళాల రికార్డులో ఒక పక్క పట్టేది సుమారు మూడు నిమిషాలు. నాటక పద్యం అందులో ఇముడుతుంది, రాగం ఎత్తుగడకూ సరిపోతుంది. అందుకే తెలుగు రికార్డుల తొలి రోజుల్లో రంగస్థల పద్యాలు ఏలాయి. కపిలవాయి రామనాథశాస్త్రి గొంతు అలాగే ఇంటింటికీ చేరింది. ఒగ్గుకథ అలా కాదు. మల్లన్న కథ ఎత్తుకుంటే రాత్రి గడిచిపోతుంది. ఒగ్గు అంటే శివుడి డమరుకం. అది మోగాలి, డోలు అందుకోవాలి, తాళం పడాలి, వంతగాడు అడ్డు ప్రశ్న వేయాలి, కథకుడు ముగ్గుగా వేసిన పట్నం పక్కన గిర్రున తిరిగి మళ్లీ కథలోకి రావాలి. దాన్ని మూడు నిమిషాలకు కోస్తే మిగిలేది ఏమీ ఉండదు.

రెండోది దూరం. తెలుగు రికార్డుల వ్యాపారం మద్రాసు చుట్టూ తిరిగింది. ఈ ప్రాంతం అప్పుడు నిజాం రాజ్యం. కోస్తాలోని కళాకారుడు రైలెక్కి మద్రాసు వెళ్లినంత తేలిగ్గా సిరిసిల్ల దగ్గరి ఒగ్గు పూజారి వెళ్లగలడా? వెళ్లినా అతని భాషను, వాద్యాన్ని విని ఇది అమ్ముడుపోతుందని చెప్పే మనిషి అక్కడ ఉండాలి కదా. జగిత్యాల, మంథని వైపు పాత ఇళ్లలో గ్రామఫోను పెట్టెలు కనిపిస్తాయి. వాటి పక్కన దొరికేవి ఉర్దూ ఖవ్వాలీలు, సైగల్ పాటలు, పౌరాణిక పద్యాలు. ఆదిలాబాద్ వైపు మరాఠీ నాటక పాటలు కూడా వస్తాయి. ఇక్కడి ఇళ్లలో మోగినవి ఎక్కువగా వేరే ఊళ్ల గొంతులే.

జాతరలో దొరికిన క్యాసెట్

ఈ లెక్కను మార్చింది క్యాసెట్. ఒక పక్క ముప్పై నిమిషాలు, కొన్నింటిలో నలభై ఐదు. ఎల్లమ్మ కథ, బీరప్ప కథ, మల్లన్న కథ భాగాలు భాగాలుగా క్యాసెట్ల కట్టగా రావడం మొదలైంది. చిన్న స్టూడియోలో రెండు మైకులతో పని అయిపోయేది. నకళ్లు తీసే యంత్రం ధర కూడా మరీ అందనంత ఎత్తులో లేదు. 1980ల నుంచి దేశమంతా ఇదే జరిగింది. పెద్ద కంపెనీల పట్టు సడలి, ప్రాంతీయ భాషల పాట మొదటిసారి బజారుకెక్కింది. అమెరికా పరిశోధకుడు పీటర్ మాన్యుయెల్ 1993లో 'క్యాసెట్ కల్చర్' అని ఒక పుస్తకమే రాశాడు.

మా దగ్గర ఆ బజారు జాతరలో ఉండేది. వేములవాడలో కోడె మొక్కు కట్టి వచ్చేవాళ్లు రాజన్న పాటల క్యాసెట్ కొనేవాళ్లు. కొండగట్టు మెట్ల దగ్గర అంజన్న పాటలు. ధర్మపురిలో నరసింహస్వామివి. మేడారం వెళ్లే బస్సుల్లో సమ్మక్క పాటలు. కరీంనగర్ టవర్ సర్కిల్ సందుల్లో, గోదావరిఖని బజారులో ఖాళీ క్యాసెట్ ఇస్తే పాటలు ఎక్కించి ఇచ్చే దుకాణాలుండేవి. వాటితోపాటు దుకాణం ముందు పెట్టి అమ్మని క్యాసెట్లూ ఉండేవి. బొగ్గుబావుల పాటలు, రైతుకూలీల పాటలు, జననాట్యమండలి పాటలు. అవి చేతులు మారుతూ, నకలుకు నకలుగా తిరిగేవి. దండేపల్లి మండలం లింగాపురంలో పుట్టిన గూడ అంజయ్య పాట దేశంలో ఎన్నో భాషల్లోకి వెళ్లిందంటే దానికి దారి వేసింది సభ, ఊరేగింపు, ఈ నకలు క్యాసెట్టే. ప్రచారం ఏ కంపెనీ చేయలేదు.

ఇంత విరివిగా వచ్చినవి ఇంత త్వరగా ఎలా మాయమయ్యాయి? తయారీలోనే ఉంది ఆ జబ్బు. కళాకారుడికి ఒకేసారి కొంత డబ్బు చేతిలో పెట్టేవాళ్లు. కాగితం ఉండేది కాదు. క్యాసెట్ మీది అట్ట ముక్క మీద దేవుడి బొమ్మ పెద్దగా, కంపెనీ పేరు దానికింద, కథకుడి పేరు ఒక మూల ఉంటే ఉన్నట్టు. డోలు కొట్టినవాడు, వంత పాడినవాడు ఎవరో అట్ట చెప్పదు. సంవత్సరం కూడా వేయరు. నా దగ్గరున్న పెట్టెలో సగం క్యాసెట్లకు ఎప్పటివో అంచనా కట్టాల్సిందే. ధర చూసి, అట్ట మీది ఊరి పిన్‌కోడు చూసి, ఫోన్ నంబరులో ఎన్ని అంకెలున్నాయో చూసి లెక్క వేయడం సేకర్తలకు అలవాటైపోయింది.

మూలప్రతి సంగతి ఇంకా కష్టం. టేపు ఖరీదైన వస్తువు. ఒక పని అయిపోగానే దాన్ని చెరిపి ఇంకో పనికి వాడటం ప్రపంచంలోని పెద్ద రేడియో సంస్థలే చేసిన పని. చిన్న స్టూడియోను ఏమనగలం? డబ్బున్నచోట కూడా భద్రత ఉందనుకోవద్దు. 2008 జూన్ 1న హాలీవుడ్‌లో యూనివర్సల్ స్టూడియో ఆవరణలో మంటలు లేచాయి. అక్కడ దాచిన మూల టేపులు పెద్ద సంఖ్యలో కాలిపోయాయని, వాటిలో పేరున్న జాజ్ కంపెనీలవీ ఉన్నాయని 2019లో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టేదాకా ప్రపంచానికి సరిగ్గా తెలియదు. కొన్ని జాజ్ రికార్డులు మళ్లీ రాకపోవడానికి కారణం అదే. మళ్లీ వేయడానికి మూలమే లేదు. అలాంటప్పుడు దిక్కు ఎవరు? ఆనాడు దుకాణంలో కొనుక్కున్న ప్రతిని జాగ్రత్తగా దాచినవాడే. మా ఒగ్గు క్యాసెట్లకూ ఆ దిక్కే మిగిలింది.

టేపు కంటే తాళం గట్టిది

చట్టం ఏమంటుందో చూద్దాం. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం శబ్దముద్రణ మీద హక్కు, అది విడుదలైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. అంతకుముందు 50 ఏళ్లుండేది, 1992లో పెంచారు. అంటే 1985లో వచ్చిన క్యాసెట్ 2045 చివరిదాకా ఎవరిదో ఒకరిదే. పాట రాసినవారి హక్కు మరణించాక 60 ఏళ్లు. గూడ అంజయ్య 2016లో పోయారు, కాబట్టి ఆయన సాహిత్యం మీద హక్కు 2076 దాకా ఉంటుంది. రచయిత కుటుంబానికి అది న్యాయం, కాదనను. కానీ 1985 నాటి క్యాసెట్ రీలు 2045 దాకా బతుకుతుందా? అటక మీద, వేసవిలో రేకుల కింద, వానాకాలంలో తేమలో పడి ఉన్న రీలు బతకదు. తాళం తీసే రోజు వచ్చేసరికి పెట్టెలో ఏమీ ఉండదు.

హక్కుదారు కనబడితే అడగొచ్చు. కానీ చిన్న కంపెనీ ఎప్పుడో మూతపడింది. యజమాని పిల్లలు వేరే వ్యాపారంలో ఉన్నారు, తండ్రి ఏం అమ్మాడో వాళ్లకు తెలియదు. ఒకచోట కంపెనీ ఇంకో కంపెనీకి సరుకు అమ్మిందంటారు, ఏ సరుకో జాబితా ఉండదు. హక్కుదారు దొరకని పనిని ప్రచురించడానికి చట్టంలో 31-ఏ సెక్షన్ దారి చూపిస్తుంది. అయితే ముందుగా దేశమంతటా చదివే ఇంగ్లీషు దినపత్రికలో ప్రకటన వేయాలి, తర్వాత దరఖాస్తు, విచారణ. బెల్లంపల్లిలో ఒక మేస్త్రీ పాడిన పాట కోసం ఇదంతా చేయగలవాళ్లు ఎవరు? చట్టం చెడ్డదని నా ఉద్దేశం కాదు. పెద్ద వ్యాపారాన్ని చూసి కుట్టిన చట్టం అది, మల్లన్న కథకు పట్టదు.

ఇంకో చిక్కుంది. మల్లన్న కథ ఎవరిది? ఏ ఒక్కరిదీ కాదు. ఆ రాత్రి దాన్ని చెప్పిన గొంతు మాత్రం ఒకరిదే. 1994 తర్వాత మన చట్టం ప్రదర్శకుడి హక్కును గుర్తించింది. క్యాసెట్ల కాలంలో ఆ సంగతి కథకుడి చెవిన వేసినవాళ్లెవరూ లేరు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో అదే కథను మొదట ఎక్కించినవాడు సొంతదారుగా చలామణి అవుతున్నాడు. కథకుడి కొడుకు తన తండ్రి గొంతును పెట్టుకుంటే, అది ఇంకొకరిదని నోటీసు వచ్చే పరిస్థితి ఉంది. ఇది నాకు బొత్తిగా మింగుడుపడని అన్యాయం.

కొనేవాళ్లు లేరా?

వ్యాపారులు చెప్పే ఆఖరి మాట ఇది. ఎవరు వింటారండీ? దీనికి నాకు రెండు జవాబులున్నాయి.

బొంబాయి సినిమా వాద్యబృందాల్లో పనిచేసిన చరణ్‌జిత్ సింగ్ 1982లో సింథసైజర్, డ్రమ్ యంత్రం పెట్టి పది రాగాలను డిస్కో తాళం మీద వాయించాడు. హెచ్‌ఎంవీ రికార్డు వేసింది, జనం పట్టించుకోలేదు. ఇరవై ఏళ్లు దాటాక ఐరోపా నుంచి వచ్చిన ఒక సేకర్త చేతికి అది పడింది. 2010లో మళ్లీ విడుదలైంది. షికాగోలో ఆసిడ్ హౌస్ అనే నృత్య సంగీతం పుట్టడానికి ఐదేళ్ల ముందే ఒక భారతీయుడు ఆ చప్పుడు చేశాడని ప్రపంచం ఆశ్చర్యపోయింది. రికార్డులో ఒక్క స్వరం మారలేదు. వినే చెవి మారింది, అంతే. అయినా ఇలా బయటివాడి చెవి కోసం ఎదురుచూడటం నాకు ఇష్టం లేదు. ఒగ్గుకథ డోలు దెబ్బలో బెర్లిన్‌లో ఎవరికో కొత్తదనం వినిపించేదాకా మనం ఆగాలా?

రెండో జవాబు మన ఇంట్లోదే. సిరిసిల్లకు చెందిన వేణు యెల్దండి 2023లో 'బలగం' తీశారు. చివర్లో బుడగజంగాల కళాకారులు పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుతుంటే తెలంగాణ ఊళ్లకు ఊళ్లు కూర్చుని ఏడ్చాయి. ఊరి నడుమ తెర కట్టుకుని చూశాయి. ఆ గొంతుకు, ఆ బాణీకి మార్కెట్ లేదని ఇంకా ఎవరైనా అనగలరా? మొగిలయ్య 2024 డిసెంబరులో పోయారు. సినిమా రాకపోయి ఉంటే ఆ గొంతు మనలో ఎందరికి తెలిసేది? జీవితమంతా పాడిన మనిషి సినిమాలో పాడితేనే భద్రమయ్యాడు. మిగతా కథకులందరికీ సినిమా ఎక్కడి నుంచి వస్తుంది?

మళ్లీ రాకూడనివి కూడా ఉంటాయి

సేకర్తకు ఆశ ఎక్కువ. దొరికిందల్లా అందరికీ వినిపించాలనిపిస్తుంది. అది సరికాదు. దండారి, గుస్సాడి గోండుల దీపావళి కాలపు వేడుకలు. గోదావరి ఒడ్డున గుడిరేవులో పద్మల్‌పురి కాకో దేవతకు మొక్కి మొదలుపెట్టే పని అది. గుస్సాడి వేషంలోని నెమలిపింఛం తలపాగా ఎప్పుడు పెట్టుకోవాలో, ఎప్పుడు తీయాలో నియమం ఉంది. కొన్ని పాటలు కాలం కాని కాలంలో పాడరు. పెర్సపేన్ ఎదుట పాడే కథను కార్లో వినడానికి ఇవ్వాలా వద్దా అన్నది ఆ కథ ఎవరి దేవుడిదో వాళ్లు తేల్చాలి, నేను కాదు. భద్రపరచడం ఒకటి, బజారులో పెట్టడం ఇంకొకటి. మొదటిది అన్నిటికీ జరగాలి, రెండోది అడిగి చేయాలి.

మార్లవాయి గుస్సాడి గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. పురస్కారం వచ్చిన నాటి నుంచి కెమెరాలు చాలా వెళ్లాయి. ఎక్కువ మందికి కావలసింది పింఛం రంగులు, అడుగులు. ఆ అడుగుల కింద మోగే డోలు వరస, ఊరి ఊరికీ అది మారే తీరు, వాయించినవాళ్ల పేర్లు వివరంగా రాసుకున్నవాళ్లు ఎంతమందో మరి. పద్మశ్రీ మనిషికి గౌరవం, మంచిదే. విద్య నిలవాలంటే ఇంకో పని కూడా కావాలి.

ఆ పని కొంతమంది చేస్తూనే ఉన్నారు. ఆకాశవాణి ఆదిలాబాద్ కేంద్రం 1986 నుంచి నడుస్తోంది, గోండి, కొలామి భాషల గొంతులు అక్కడి నుంచి ఊళ్లకు వెళ్లాయి. ఆ టేపులు ఈ ప్రాంతానికి పెద్ద ఆస్తి. తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది. ఆచార్య జయధీర్ తిరుమలరావు ఊరూరూ తిరిగి ఆదివాసీ వాద్యాలు సేకరించి 'మూలధ్వని' పేరుతో ప్రదర్శించారు. ఆదిలాబాద్ ప్రభుత్వ ఉపాధ్యాయుడు తొడసం కైలాస్ కృత్రిమ మేధ సాయంతో కొలామిలో పాట కట్టారు, ప్రధానమంత్రి 2025లో మన్‌కీబాత్‌లో ఆయన పేరు చెప్పారు. కొత్త పాట పుట్టడం ఎంతో సంతోషం. పాత గొంతు దాని పక్కనే నిలబడితేనే ఆ సంతోషం నిండుతుంది.

"మొన్ననే ఏసిన బిడ్డా"

క్యాసెట్ల కోసం ఊళ్లలోకి వెళ్తే ఎక్కువసార్లు వినపడే మాట ఒకటుంది.

"అమ్మా, పాత క్యాసెట్లు ఏమన్న ఉన్నయా?"

"ఉండె బిడ్డా, సంచి నిండ ఉండె. మొన్ననే ఇల్లు సున్నమేసినప్పుడు పాత సామాన్లకు ఏసిన."

ప్లాస్టిక్‌కు కిలోల లెక్కన వచ్చే డబ్బు ఎంతో మీకు తెలుసు. ఆ సంచిలో ఏముండేదో అడిగితే ఆమె చెబుతూ పోతుంది: తమ్ముడి పెళ్లి, బతుకమ్మ రాత్రి, ఇంటి ముందు పట్నమేసి చెప్పించిన ఎల్లమ్మ కథ. దుకాణంలో కొన్న క్యాసెట్‌కు ఇంకెక్కడైనా నకలు ఉండే అవకాశం ఉంది. ఇంట్లో టేప్‌రికార్డర్ మీద పట్టుకున్న కథకు ప్రపంచంలో ఉన్నది ఆ ఒక్క ప్రతే. జాజ్ సేకర్తలు జీవితమంతా వెతికేది ఇలాంటివాటినే, ఎవరో శ్రోత తన యంత్రం మీద పట్టుకున్న ఒక రాత్రిని.

క్యాసెట్ కంటే వేగంగా పోయినవి కూడా ఉన్నాయి, వాటి గురించి ఎవరూ మాట్లాడరు. 2000 తర్వాత వచ్చిన ఎంపీ3 సీడీలు, ఫోన్ దుకాణంలో పాటలు ఎక్కించి ఇచ్చిన మెమరీ కార్డులు. తెలంగాణ ఉద్యమపు ధూంధాం పాటల్లో చాలావాటికి మొదటి రూపం అవే. సీడీ మీద పూత లేచిపోయింది, కార్డు ఎక్కడో జారిపోయింది. క్యాసెట్ చెడినా గరగరలాడుతూ కొంత చెబుతుంది. కార్డు చెడితే ఒక్క అక్షరం దక్కదు. నలభై ఏళ్ల నాటి పాట వెతుకుతున్న మేము పదిహేనేళ్ల నాటి పాటను పోగొట్టుకుంటున్నాం.

గొంతులు బతికున్నచోటికి వెళ్లడం అన్నిటికంటే తొందర పని. బంక్ జాన్సన్ అని న్యూ ఆర్లీన్స్ తొలి తరం బాకా వాద్యకారుడు ఉండేవాడు. వాద్యం మానేసి, పళ్లు ఊడిపోయి, లూసియానాలో వరి పొలాల్లో పనిచేసుకుంటున్నాడు. రికార్డు సేకర్తలు అతని ఊరు కనుక్కున్నారు, చందాలు వేసి పళ్లు కట్టించారు, బాకా కొనిచ్చారు. 1942లో అతని వాద్యం మొదటిసారి రికార్డయింది. ఇవాళ సిరిసిల్ల, జగిత్యాల, ఆసిఫాబాద్ పల్లెల్లో బంక్ జాన్సన్ లాంటి పెద్దలు ఇంకా ఉన్నారు. డోలు తోలు చిరిగి మూలన పెట్టినవాళ్లు, కికిరి తీగ తెగితే వేయించుకోలేకపోతున్నవాళ్లు. వాళ్ల పాత క్యాసెట్ దొరికిందని సంబరపడేముందు ఆ తీగ వేయించాలి.

ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది, దానికో నమూనా ఉంది. న్యూయార్క్‌లో మోజెస్ ఆష్ 1948లో ఫోక్‌వేస్ అనే రికార్డు కంపెనీ పెట్టాడు. రైతుల పాటలు, జైలు పాటలు, పక్షుల కూతలు, జాజ్, ఏదైనా వేశాడు. ఎన్ని అమ్ముడైనా, అసలే అమ్ముడుపోకపోయినా ఒక్క రికార్డు కూడా జాబితాలోంచి తీసేయలేదు. 1987లో స్మిత్సోనియన్ సంస్థ దాన్ని తీసుకున్నప్పుడు కుటుంబం పెట్టిన షరతు ఒక్కటే: 2,168 రికార్డుల్లో ఏదీ అందుబాటు నుంచి పోకూడదు. ఇప్పటికీ ఏది అడిగినా ప్రతి తీసి ఇస్తారు. మన తెలుగు విశ్వవిద్యాలయం, సాంస్కృతిక శాఖ, ఆకాశవాణి కలిసి ఇలాంటి ఒక్క నియమానికి కట్టుబడితే చాలు. హక్కుదారు దొరకని క్యాసెట్లకు ప్రభుత్వమే 31-ఏ సెక్షన్ అడిగే పత్రికా ప్రకటన వేసి, దరఖాస్తు పెట్టి, వచ్చిన డబ్బును కథకుల కుటుంబాల పేరున జమచేయవచ్చు. ఇది కోట్ల రూపాయల పని కాదు.

అంతవరకు ఇంట్లో చేయదగినవి చెబుతాను. అటక మీద క్యాసెట్ డబ్బా ఉంటే దించండి. వెంటనే ప్లేయర్‌లో పెట్టకండి. రీలు మీద తెల్లటి బూజు కనిపిస్తే అది యంత్రంలోకి వెళ్లి మిగతా క్యాసెట్లనూ పాడుచేస్తుంది, తెలిసినవాళ్లతో శుభ్రం చేయించండి. చాలాకాలం కదలని రీలును ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పండి. నాలుగు మూలలా స్క్రూలున్న క్యాసెట్ అయితే, పెంకు చెడినా రీలు తీసి కొత్త పెంకులో వేయవచ్చు. పైఅంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచేస్తే పొరపాటున దాని మీద ఇంకేదీ రికార్డు కాదు. ప్లేయర్ హెడ్‌ను స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడిచి, క్యాసెట్ పెట్టి, కంప్యూటర్‌లోకి పూర్తిగా ఎక్కించండి. మధ్యలో కుక్క మొరిగినా, ఎవరో పిలిచినా కోయకండి. శుభ్రం చేసే పని తర్వాత ఎప్పుడైనా చేయవచ్చు.

ఆ తర్వాత ఒక కాగితం మీద రాయండి: పాడింది ఎవరు, డోలు ఎవరిది, ఏ ఊరు, ఏ పండుగ, సుమారుగా ఏ ఏడాది. ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నప్పుడే అడిగి రాయండి. పాడినవారి కుటుంబం ఎక్కడుందో కనుక్కుని ఒక ప్రతి వాళ్లకు ఇవ్వండి. ఇంటర్నెట్‌లో పెట్టాలనుకుంటే వాళ్లను అడిగి, వాళ్ల పేరు మొదట వేసి పెట్టండి. వచ్చే బతుకమ్మకు ఇల్లు సున్నం వేసేటప్పుడు, దయచేసి ఆ సంచిని పాత సామాన్లకు వేయకండి.